ఉత్తరమా, దక్షిణమా: 1941లో జపాను మంత్రాలోచన

1941 జూలై 2వ తేదీన టోకియో నగరమందలి రాజప్రాసాదమున హిరోహితో చక్రవర్తి సమక్షమందు ఒక సభ జరిగెను. ప్రధానమంత్రి కొనోయే, విదేశాంగమంత్రి మత్సుఓకా, భూసేన ప్రధానాధికారి సుగియామా, నౌకాసేన ప్రధానాధికారి నగానో, ప్రీవీ కౌన్సిలు అధ్యక్షుడు హారా మొదలగువారు, నాటి సంప్రదాయము ననుసరించి చక్రవర్తి పెదవి విప్పక వినుచుండగా, అంతకుముందే సిద్ధపఱచుకొన్న యొక పత్రమును చదివి ఆమోదించిరి. దక్షిణదిశగా ముందునకు సాగవలెననియు, అందువలన బ్రిటనుతోను అమెరికాతోను యుద్ధము వచ్చినను వెనుదీయరాదనియు అందుండెను. ఉత్తరమున రష్యాపై దండెత్తుటకు రహస్యముగా సన్నద్ధులై యుండి, జర్మనుల దాడికి ఆ దేశము తూలినచో అదను చూచి అచ్చట కూడ ఆయుధము పట్టవలెననియు అందే యుండెను. నాలుగేండ్లుగా చైనాలో జరుగుచున్న యుద్ధమును విడువవలెనని మాత్రము అందెచ్చటను లేదు.

రెండవ ప్రపంచయుద్ధపు గతిని మార్చిన ఘట్టములను లెక్కించువారు సామాన్యముగా స్టాలిన్‌గ్రాదును, ఎల్ అలమైనును, నార్మండీ తీరమును పేర్కొందురు. అవి పేర్కొనదగినవే. కాని ఆ రణములన్నిటికి ముందే, పసిఫిక్ సముద్రమున తొలి బాంబు పడుటకు అయిదు నెలలు పూర్వమే, తమ సేనలను ఏ దిక్కునకు నడపవలెనను ప్రశ్నకు జపాను పాలకులు చెప్పుకొన్న సమాధానము మాస్కో నగరము నిలుచుటకు తోడ్పడినది, అమెరికాను యుద్ధమునకు దింపినది, తుదకు జపానునే దగ్ధము చేసినది. ఆ సమాధానమందలి లోపము ఉత్తరమును కాదని దక్షిణమును కోరుటలో నున్నదని కొందఱందురు. నాకు తోచినంతవఱకు, ఏ దిక్కును కోరినను రెండవదానిని విడువలేకపోవుటయే అసలు లోపము. విడుచుటకు సిద్ధపడనివానికి ఎన్నుకొను శక్తి యుండదను మాట రాజనీతిలో ఎంత కఠినసత్యమో, ఆ సభ తరువాతి పదునాలుగు నెలల జపాను చరిత్రము అడుగడుగున చూపుచున్నది.

భూసేనకు నౌకాసేనకు నడుమ ఉత్తర దక్షిణ వివాదము ఆనాడు పుట్టినది కాదు. 1904-05 సంవత్సరములలో రష్యాను ఓడించిన నాటినుండియు భూసేనానులు తమ సహజశత్రువు రష్యాయే యనియు, తాము విస్తరింపదగిన నేల మంచూరియా సైబీరియాలే యనియు నమ్మియుండిరి. 1931లో మంచూరియాను ఆక్రమించి, మఱుసటి యేడు అచ్చట మంచుకువో అను పేర నొక బొమ్మరాజ్యమును నిలిపినది ఆ నమ్మకమే. నౌకాసేనానుల చూపు దక్షిణ సముద్రములపై నుండెను. డచ్చివారి ఏలుబడిలోని సుమత్రా, బోర్నియో దీవులలో చమురును, బ్రిటిషు మలయాలో రబ్బరును తగరమును సమృద్ధిగా నుండెను. ఓడలు బొగ్గును విడిచి చమురుతో నడచు కాలమున చమురులేని దేశమునకు నౌకాబలము నిలువదని వారెఱుగుదురు. మెయిజీ కాలపు రాజ్యాంగము ప్రకారము యుద్ధవ్యవహారములందు ఈ రెండు సేనలును చక్రవర్తికే గాని మంత్రివర్గమునకు లోబడినవి కావు. పైగా సేనామంత్రి పదవి ఉద్యోగమున నున్న సేనానికే దక్కవలెనను నియమముండుటచేత, సేన అలిగి తన మంత్రిని వెనుకకు పిలిచికొన్నచో మంత్రివర్గమే కూలిపోవును. 1940 జూలైలో యొనాయి మంత్రివర్గము అట్లే కూలినది. ఇట్టి వ్యవస్థలో ఒక సేన కోరికను రెండవది త్రోసిపుచ్చలేదు, ప్రధానమంత్రి ఇరువురిలో ఎవరిని శాసింపలేడు. అందుచేత అచ్చటి రాజపత్రములు ఒక తీర్పును చెప్పుటకు మాఱుగా ఇరువురి కోరికలను ప్రక్కప్రక్కన కూర్చి, వాని నడుమనున్న వైరుధ్యమును మెత్తని మాటలతో కప్పుచుండెను.

ఉత్తరవాదుల ఉత్సాహమునకు మొదటి దెబ్బ 1939లో తగిలెను. మంచూరియా మంగోలియాల సరిహద్దున ఖల్ఖిన్ గోల్ అను నదియొద్ద, జపానువారు నోమొన్‌హాన్ అని పిలుచు పచ్చికబయళ్ళలో, మే నెలలో చిన్న తగాదాగా మొదలైన పోరు వేసవి ముగియునప్పటికి పెద్దయుద్ధమైనది. మంచూరియాలోని జపాను సైన్యమగు క్వాంటుంగ్ సేన అధికారులు టోకియో ఇష్టానిష్టములను పాటింపక దానిని తమంత తామే పెంచిరి. ఆగస్టు 20వ తేదీన, అప్పటికి లోకమున పేరుపడని జుకోవ్ అను సేనాని, రైలుదారికి వందలకొలది మైళ్ళ దూరమునకు లారీలపై సామగ్రిని చేరవేయించుకొని, టాంకులను ఇరుప్రక్కలనుండి నడపి, ఎదుటనున్న జపాను బలగమును చుట్టుముట్టి నాశనము చేసెను. ఆ వారములోనే, ఆగస్టు 23న, హిట్లరు స్టాలినుతో అనాక్రమణ సంధి చేసికొనుటతో, రష్యాకు విరోధియని జర్మనీని నమ్మియున్న హిరనుమా మంత్రివర్గము దిగ్భ్రమచెంది రాజీనామా ఇచ్చెను. టాంకుల యెదుట కేవలధైర్యము నిలువదని సైనికులును, హిట్లరు స్నేహమును ఆధారము చేసికొనరాదని మంత్రులును ఆ వేసవిలో నేర్వవలసి యుండెను. మొదటి పాఠమును వారు కొంతవఱకు నేర్చిరి. రెండవదానిని ఏడాదిలోనే మఱచిరి.

1940లో హాలెండును, ఫ్రాన్సును జర్మనీకి లొంగిపోగా, డచ్చి దీవులును ఇండోచైనాయును కాపుదల లేక నిలిచెను. వానిపై ఆశతో జపాను సెప్టెంబరు 27న జర్మనీ, ఇటలీలతో త్రిపక్షసంధికి ఒడంబడెను. దక్షిణమునకు కదలునప్పుడు వెనుకనుండి భయము లేకుండుటకై, 1941 ఏప్రిల్ 13న మత్సుఓకా మాస్కోకు పోయి స్టాలినుతో అయిదేండ్ల తటస్థతాసంధి కుదుర్చుకొనెను. ఎవ్వరిని సాగనంప నెఱుగని స్టాలిను ఆనాడు తానే రైల్వేస్టేషనుకు వచ్చి యతనిని ఆలింగనము చేసికొని పంపెను. ఒకనితో సంధియు మఱొకనితో విగ్రహమును నెఱపు ఈ పద్ధతిని మన అర్థశాస్త్రము ద్వైధీభావమని పేర్కొని షాడ్గుణ్యమున చేర్చినది. కాని దాని నవలంబించు రాజు ఎవరితో సంధియో ఎవరితో విగ్రహమో ముందుగా నిశ్చయించుకొని యుండవలెను. మత్సుఓకా మనస్సున ఆ నిశ్చయము పది వారములు నిలిచినది. జూన్ 22న హిట్లరు రష్యాపై దండెత్తగానే, తన చేతి సంతకము తడి యారకమునుపే, తానే ఆ సంధిని త్రెంచి సైబీరియాపై పడవలెనని అతడు పట్టుపట్టెను. జూలై 2వ తేదీ సభ నాటికి జపాను స్థితి ఇది.

సేనానులలో ఉత్తరవాదు లైనవారికి సైతము అంత తొందర లేదు. శరత్కాలమున పండు పెర్సిమన్ ఫలమును ఉపమానముగా గొని, అది మాగి తనంత రాలువఱకు చెట్టుక్రింద వేచియుండుట మేలని కొందఱును, పచ్చిదైనను చెట్టు నూపి రాల్చవలెనని కొందఱును వాదించుకొనిరి. సైబీరియాలోని రష్యను సేన పడమటికి తరలి సగమునకు తగ్గవలెను. అప్పుడుగాని దాడి చేయరాదు. చేసినను నవంబరు చలికి ముందే ముగింపవలెను. ఈ లెక్కతో, ప్రత్యేక కవాతులను నెపమున, క్వాంటుంగ్ సేనను సుమారు ఏడు లక్షలకు పెంచిరి. కాని స్మొలెన్‌స్కు వద్ద జర్మనుల వేగము మందగించెను. తూర్పుననున్న రష్యను బలము వా రనుకొన్నంతగా తగ్గలేదు. ఆగస్టు 9వ తేదీన భూసేన కార్యాలయము ఆ యేటికి ఉత్తరయాత్రను మానుకొన్నది. ఆ యేటికి మాత్రమే యనుట గమనింపదగినది. మానుకొన్న పిదపను ఆ సేనలో అధికభాగము మంచూరియాలోనే, రాని అదనుకై ఎదురుచూచుచు నిలిచిపోయెను. డిసెంబరులో మహాసముద్రమంత విశాలమైన దక్షిణరంగమున యుద్ధము తొడగినప్పుడు, తనకున్న 51 డివిజనులలో జపాను అచ్చటికి పంపగలిగినవి 11 మాత్రమే.

ఇంతలో దక్షిణమున మొదటి అడుగు పడినది. జూలై చివరివారమున జపాను సేనలు దక్షిణ ఇండోచైనాలో దిగి, సైగాను చెంత విమానక్షేత్రములను, కామ్‌రాన్ రేవును పట్టుకొనెను. అమెరికా ఇంతటికే యుద్ధమునకు రాదని టోకియోలో అనేకులు తలచిరి. రూజ్‌వెల్టు ప్రభుత్వము తన దేశములోని జపాను ధనమునంతను స్తంభింపజేసెను; ఆగస్టు నెల మొదలగునప్పటికి చమురు ఎగుమతి నిలిచిపోయినది; బ్రిటనును, డచ్చి ప్రభుత్వమును అదే దారి త్రొక్కెను. జపాను వాడుకొను చమురులో నూటికి ఎనుబది వంతులు అమెరికానుండి వచ్చునదే. ఉన్న నిలువలు రెండేండ్లకు మించి చాలవని లెక్కతేలినది. యుద్ధము చేయకున్నను నౌకాసేన గంటకు 400 టన్నుల చమురు త్రాగుచున్నదని నగానో అక్టోబరు సభలో మొఱపెట్టుకొనెను. అంతవఱకు ఎటు పోవుదమను చర్చలో నున్న దేశమునకు ఇప్పుడు గడియారము ఎదుట పెట్టినట్లైనది. చైనానుండి సేనలను మరలించినగాని చమురు దొరకదని అమెరికా యనుచుండెను. చైనాను విడుచుటయా, చమురుకై యుద్ధము చేయుటయా అని ప్రశ్న మిగిలినప్పుడు, నాలుగేండ్ల రక్తవ్యయమును వ్యర్థమని యొప్పుకొను సాహసము ఏ సేనానికిని లేకపోయెను.

పర్యవసానము తెలియక వారీ దారి పట్టిరనుట సరికాదు. ప్రభుత్వము స్థాపించిన సంపూర్ణయుద్ధ పరిశోధనాలయమున ఆ వేసవిలోనే ముప్పదిమందికి పైగా యువోద్యోగులు కల్పిత మంత్రివర్గముగా ఏర్పడి, ఉక్కు, చమురు, ఓడలు, ధాన్యము మొదలగువాని లెక్కలు వేసి, తొలి విజయములు లభించినను యుద్ధము దీర్ఘమై, తుదకు రష్యా కూడ ఎదురునిలువగా జపాను ఓడిపోవునని తేల్చిరి. ఆగస్టు చివర కొనోయే, భూసేనామంత్రి టోజోల యెదుట ఆ ఫలితమును చదివిరి. యుద్ధము లెక్కల ప్రకారము నడవదని టోజో యనెనని అందు పాల్గొన్నవారు తరువాత చెప్పుకొనిరి. సెప్టెంబరు 5న, మఱునాటి సభకు ముందు, దక్షిణ సముద్రములలో పని ఎన్నినాళ్ళలో ముగియునని చక్రవర్తి సుగియామాను అడిగెను. మూడు నెలలని అతడు చెప్పగా, చైనా యుద్ధమును ఒక్క నెలలో ముగింతుమని చెప్పి నాలుగేండ్లైనను ముగింపలేదే యని చక్రవర్తి గుర్తుచేసెను. చైనా లోతట్టు విశాలమైనదని అతడు సమాధానపడజూచెను. పసిఫిక్ మహాసముద్రము అంతకంటె విశాలము కాదా యని చక్రవర్తి ప్రశ్నింపగా సుగియామా తలవంచుకొనెనని కొనోయే తన జ్ఞాపకములలో వ్రాసియుంచెను. అయినను మఱునాడు, సెప్టెంబరు 6న, అక్టోబరు చివరిలోగా యుద్ధసన్నాహము పూర్తికావలెనను తీర్మానము నెగ్గినది. శాంతిని సూచించుటకై చక్రవర్తి తన తాత రచించిన పద్యమును చదివి యూరకుండెను. అక్టోబరులో కొనోయే రాజీనామా ఇచ్చెను. టోజో ప్రధానమంత్రి యయ్యెను.

జపాను ఇట్లు తర్జనభర్జనలు పడుచుండగా, ఆ రహస్యమును మాస్కోకు చేరవేసినవాడు టోకియోలోని జర్మను పత్రికా విలేఖరి రిచర్డు సోర్గే. రష్యనుల గూఢచారియైన ఇతడు జర్మను రాయబారికి ఆప్తమిత్రుడు. కొనోయే పరివారమున మెలగుచుండిన ఒజాకి అను పాత్రికేయుడు ఇతని సహాయుడు. జపాను ఆ యేడు సైబీరియాపై దండెత్తదని సోర్గే సెప్టెంబరు నడుమ వార్త పంపెను. అక్టోబరు 18న పట్టుబడెను. 1944 నవంబరు 7న ఒజాకితోబాటు ఉరితీయబడెను. సైబీరియా సేనల తరలింపునకు అతని వార్త యొక్కటే కారణమనుట అతిశయోక్తి. కొన్ని డివిజనులు అంతకుముందే తరలినవి. మాస్కోను కాచిన సేనలలో క్రొత్తగా సమకూర్చినవే యెక్కువ. కాని తూర్పుదిక్కును పలుచన చేయు సాహసమును స్టాలిను చేసెను. అక్టోబరులో జర్మనులు మాస్కోను సమీపించునప్పుడు, 1812లో నెపోలియను పోరాడిన బొరొదినో క్షేత్రముననే, సుదూరప్రాచ్యమునుండి వచ్చిన 32వ డివిజను వారి కడ్డునిలిచెను. డిసెంబరు 5న రష్యనుల ప్రతిదాడి ప్రారంభమైనది. రెండు దినములకు జపాను విమానములు పెర్ల్ హార్బరుపై ఎగిరెను. మిత్రుడు మాస్కో వాకిట మంచులో కూరుకొని పోవుచున్న ఆ వారముననే జపాను యుద్ధమున దిగి, ఆ మిత్రుని ప్రధానశత్రువును మాత్రము ముట్టకుండెను.

ముట్టకుండుట యొక్కటే కాదు, ఆ శత్రువునకు అన్నపానీయములు తన కన్నులయెదుటనే పోవుచుండగా జపాను ఊరకుండవలసివచ్చెను. అమెరికా రష్యాకు పంపిన యుద్ధసహాయములో బరువునుబట్టి చూచినచో దాదాపు సగము పసిఫిక్ దారిని, సోవియట్ పతాకము నెగురవేసిన ఓడలపై, జపాను దీవుల ప్రక్కగా వ్లాదివస్తోకు రేవునకు చేరినది. ఆ ఓడలలో ఆయుధములు పోరాదను కట్టడి యున్నను, లారీలు, రైలుయంత్రములు, ఆహారపదార్థములు, పెట్రోలు నిరాటంకముగా సాగెను. రష్యాతో క్రొత్త తగవు తెచ్చికొను శక్తి లేనందున జపాను వానిని చాలవఱకు పోనిచ్చెను. త్రిపక్షసంధిలో భాగస్వాములైన ఇరువురు ఒకరి యుద్ధమునకు ఒకరు ఎంత దూరస్థులో తెలుపుటకు ఇంతకంటె నిదర్శనము అక్కఱలేదు.

చమురు సుమత్రాలో నుండగా హవాయిపై ఏల పడవలెను? డచ్చి, బ్రిటిషు వలసలను మాత్రమే పట్టుకొన్నచో, యుద్ధమునకు ఇష్టపడని అమెరికా ప్రజలను ఆ పరాయి వలసలకై రణమునకు నడపుట రూజ్‌వెల్టునకు సులభము కాకపోవుననువారు కలరు. కాని బ్రిటనును అమెరికాను విడదీయరాదని జపాను నౌకాసేన సిద్ధాంతము. దక్షిణపు దారి ప్రక్కనే అమెరికావారి ఫిలిప్పీను దీవులున్నవి. 1940 జూలైలో అమెరికా చట్టముచేసి కట్టనారంభించిన రెండు సముద్రముల నౌకాబలము పూర్తియైనచో మఱి యెన్నటికి తమకు అవకాశముండదని వారి భయము. అమెరికాలో చదివి, అచ్చటి కర్మాగారములను కన్నులార చూచిన జపాను నౌకాదళపతి యమమోటో, యుద్ధము వచ్చినచో ఆఱు నెలలో ఏడాదియో తన ప్రతాపము చూపగలననియు, ఆ పిమ్మట మాట ఇయ్యలేననియు కొనోయేకు ముందే చెప్పియుండెను. అట్టివాడే ఆ ఆఱు నెలలను కొనుటకై పెర్ల్ హార్బరు దాడిని రచించి, ఒప్పుకొననిచో పదవి విడుతునని తన ప్రధానకార్యాలయమును లొంగదీసెను. డిసెంబరు 7న ఆఱు విమానవాహక నౌకలనుండి లేచిన సుమారు 350 విమానములు నాలుగు యుద్ధనౌకలను ముంచి, 2,403 మందిని బలిగొనెను. కాని అమెరికా విమానవాహక నౌకలు ఆనాడు రేవున లేవు. సేనాని నగుమో మూడవసారి విమానములను పంపక మరలిపోయినందున, నౌకలను బాగుచేయు కర్మశాలలు నిలిచెను. కోట్ల గ్యాలనుల చమురు నిలువ చెక్కుచెదరలేదు. చమురుకై యుద్ధము తొడగినవారు శత్రువు చమురును కాల్చుట మఱచిరి.

డిసెంబరు 11న హిట్లరు అమెరికాపై యుద్ధము ప్రకటించెను. త్రిపక్షసంధి ప్రకారము మిత్రునిపై ఇతరులు దాడి చేసినప్పుడుగాని తోడుపడ నక్కఱలేదు. ఇచ్చట దాడి చేసినది మిత్రుడే. అయినను, సైబీరియాలో ఒక్క జపాను సైనికుని కదలికనైన ప్రతిఫలముగా పొందకయే, అతడా భారమును నెత్తికెత్తుకొనెను. అమెరికా బ్రిటనులు ఇందుకు పూర్తిగా విరుద్ధమైన మార్గమున నడచెను. 1940 నవంబరులోనే అమెరికా నౌకాసేనాపతి స్టార్కు, రెండు సముద్రములలో యుద్ధము వచ్చినచో మొదట జర్మనీని ఓడింపవలెననియు, పసిఫిక్ తీరమున ఆత్మరక్షణమే చాలుననియు వ్రాసియుండెను. 1941 తొలినెలలలో ఉభయదేశాధికారులు వాషింగ్టనులో దానిని స్థిరపఱచిరి. తమ్ము కొట్టినది జపాను, ప్రజల కోపమంతయు జపానుపైననే; అయినను ఆ డిసెంబరు చివర వాషింగ్టనులో రూజ్‌వెల్టు, చర్చిలులు మరల సమావేశమై జర్మనీయే మొదటిదను నిర్ణయమును మార్చలేదు. దానికి వారు చెల్లించిన మూల్యము స్వల్పము కాదు: సహాయమందక బటానులో సుమారు 75,000 మంది అమెరికను, ఫిలిప్పీను సైనికులు 1942 ఏప్రిల్ 9న లొంగిపోయిరి. ఆచరణలో పసిఫిక్ తీరమునకు కూడ వారు సేనలను విరివిగానే పంపిరి. కాని రెండింట ఏది ముందు, ఏది తరువాత అను ప్రశ్న వచ్చినప్పుడు సమాధానము చెప్పగల స్థానమొకటి వారికుండెను.

ఇచ్చట జపాను తొలిజయములు లోకమును నివ్వెఱపఱచెను. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడెను. మార్చి 8న రంగూను పడెను. తీరాంధ్రమున ఇంటింట రంగమని పిలుచుకొన్న ఆ నగరపు రేవులలో, బియ్యపు మిల్లులలో, విశాఖ గోదావరి జిల్లాలనుండి పోయిన కూలీలు వేలకొలదిగా బ్రతుకుచుండిరి. డిసెంబరు 23న అచ్చట బాంబులు పడినది మొదలు, ఓడలలో చోటు దొరకనివారు అరకాను కొండలమీదుగా, మణిపురపు అడవులగుండ కాలినడకను బయలుదేరి, కలరాకు మలేరియాకు దారిపొడవున బలియైరి. ఏప్రిల్ నెలలో యుద్ధము మన గడపకే వచ్చినది. నగుమో అయిదు విమానవాహక నౌకలతో హిందూమహాసముద్రమున చొచ్చి, 5వ తేదీన కొలంబోను, 9వ తేదీన తిరుకోణమలను కొట్టి, హెర్మీస్ అను బ్రిటిషు విమానవాహక నౌకను ముంచెను; బంగాళాఖాతమున ఒజావా సేనాని ఇరువదికి పైగా వర్తకనౌకలను ముంచెను. ఒజావా దళములోని ర్యూజో అను చిన్న విమానవాహక నౌకనుండి లేచిన విమానములు ఏప్రిల్ 6న విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసెను. నష్టము స్వల్పమే, భీతి అపారము. విశాఖలో జనులు మూటలు కట్టుకొని పల్లెలకు తరలిరి. మద్రాసులో ప్రభుత్వకార్యాలయములు లోతట్టు పట్టణములకు మాఱెను. బ్రిటిషు తూర్పు నౌకాదళములో అధికభాగము ఆఫ్రికా తీరమునకు మరలిపోయెను. తీరమున శత్రువు దిగుట నేడో రేపో యని అందఱు తలచిరి.

శత్రువు దిగలేదు, దిగవలెనను నిశ్చయమును వానికి లేదు. సింహళమును పట్టుకొన్నచో బ్రిటనునుండి భారతదేశమునకు, ఈజిప్టునకు పోవు దారులు తెగునని యమమోటో పరివారము ఆలోచించినమాట నిజము. కాని అందుకు కావలసిన డివిజనులను భూసేన ఇయ్యనన్నది, దాని మనస్సు చైనాయందు, మంచూరియాయందు నుండెను. అమెరికానుండి ఆస్ట్రేలియాకు పోవు దారిని త్రెంచవలెనని నౌకాసేన కార్యాలయము కోరెను. మిడ్వే దీవిపై పడి అమెరికా విమానవాహక నౌకలను రప్పించి ముంచవలెనని యమమోటో కోరెను. ఏప్రిల్ 18న అమెరికను డూలిటిల్ దళపు పదునాఱు విమానములు టోకియో మొదలగు నగరములపై బాంబులు వేయుటతో యమమోటో మాట నెగ్గినది. అయినను రెండవవారి మాట వీగలేదు. మొదట పోర్ట్ మోర్స్‌బీ, పిదప మిడ్వే, దానితోపాటు అల్యూషియను దీవులు అని మూడింటిని వరుసలో కూర్చిరి. మే నెలలో పగడాల సముద్రమున జరిగిన యుద్ధములో ఒక పెద్ద విమానవాహక నౌక దెబ్బతిని, మఱొకటి విమానములను కోల్పోయి, రెండును మిడ్వేకు రాలేకపోయెను. విశాఖపై బాంబులు వేసిన ర్యూజో ఉత్తరమున అల్యూషియనులకు పోయెను. దానినుండి లేచిన ఒక జీరో విమానము అకుటాన్ దీవిలో కూలి, దాదాపు పదిలముగా అమెరికనుల చేత చిక్కి, దాని మర్మములన్నిటిని వారికి బయలుపఱచెను.

జూన్ 4న మిడ్వే యొద్దకు చేరిన నగుమోకు అప్పగింపబడిన పనులు రెండు: దీవిని బాంబులతో అణచుట, శత్రునౌకలను నాశనము చేయుట. జపాను రహస్యలిపిని ఛేదించిన అమెరికను అధికారులు దాడి ఎచ్చటనో ముందే కనిపెట్టి, మూడు విమానవాహక నౌకలను పొంచియుంచిరి. మొదటి పనికై విమానములకు నేలబాంబులు తగిలించుటయా, రెండవదానికై టార్పెడోలు తగిలించుటయా అని నగుమో ఒకసారి మార్చి, మరల మార్చుచుండగా, అమెరికను డైవుబాంబరులు కొలది నిమిషములలో అకాగి, కాగా, సోర్యూ అను మూడు నౌకలను మంటలపాలు చేసెను. హిర్యూ సాయంకాలమునకు వాని దారి పట్టినది. నగుమో తడబాటును చాలమంది నిందించిరి. ఆ నిందలో కొంత న్యాయమున్నను, తన ఓడపై అతడు పడిన ద్వైధము టోకియోలో ఏడాదిగా ప్రభుత్వము పడుచుండినదే. యమమోటో చెప్పిన ఆఱు నెలలు సరిగా అప్పటికి నిండెను. ర్యూజో సైతము ఆగస్టు 24న సోలొమను దీవులచెంత మునిగెను.

ఇక యుద్ధమునకు మూలకారణమైన చమురు సంగతి. సుమత్రాలోని పాలెంబాంగ్ బావులు ఫిబ్రవరిలోనే చేతికి దక్కినవి. కాని బావిలోని చమురు ఓడలోనికి, ఓడలోని చమురు జపాను రేవునకు చేరిననే ఫలము. 1942 మే 8న, ఆ బావులను నడపుటకు నిపుణులను కొనిపోవుచున్న తైయో మారు అను ఓడను ఒక అమెరికను జలాంతర్గామి ముంచగా ఎనిమిదివందలకు పైగా జనులు మునిగిరి. మహాయుద్ధనౌకలను కట్టుటయందే మనసుంచిన నౌకాసేన వర్తకనౌకలకు కాపుదల నిచ్చుటను తక్కువపనిగా నెంచినది. అందుకొక ప్రత్యేకాధికారి వర్గమును నియమించునప్పటికి 1943 నవంబరు వచ్చెను. 1944లో నౌకాదళమున కొంతభాగము చమురు చేరువను సింగపూరు దిక్కుననుండగా, కొంతభాగము స్వదేశమున చమురులేక కట్టువడియుండెను. 1945లో దక్షిణపు చమురు రాక నిలిచిపోయినది.

ఉత్తరము సైతము తుదకు తన లెక్క చెల్లించుకొన్నది. 1945 ఏప్రిల్‌లో రష్యా తటస్థతాసంధిని పొడిగింపనని తెలియజేసెను. అయినను ఆ వేసవియంతయు జపాను మంత్రులు రష్యా మధ్యవర్తిత్వముచే గౌరవప్రదమైన శాంతి దొరకునని ఆశపడుచుండిరి. ఆగస్టు 6న హిరోషిమా నశించెను. 8న రష్యా యుద్ధము ప్రకటించెను. 9న నాగసాకి నశించెను. అదనుకై మంచూరియాలో ఎదురుచూచిన క్వాంటుంగ్ సేనలోని మేలిబలగములను అప్పటికే పసిఫిక్ దీవులకు తరలించియుండిరి. మిగిలినది కొలదిదినములలో చెదరిపోయెను. నాలుగేండ్ల క్రిందట ఆ పరిశోధనాలయపు యువకులు వేసిన లెక్క, అణుబాంబు నొక్కదానిని మినహాయించినచో, దాదాపు యథాతథముగా నెఱవేరినది.

జపాను సైనికుని శౌర్యమునందు గాని, నావికుని నేర్పునందు గాని లోపమెన్నలేము. ఓటమిని ముందే లెక్కగట్టి చెప్పిన తెలివియు ఆ దేశమున లేకపోలేదు. లేనిది, ఇరువురు రెండు కోరినప్పుడు వానిలో నొకటి కాదనగల అధికారము. 1947 మే 3న అమలునకు వచ్చిన జపాను క్రొత్త రాజ్యాంగములో యుద్ధమును త్యజించు తొమ్మిదవ అధికరణమునే లోకము కొనియాడును. ప్రధానమంత్రియు మంత్రులును పౌరులే కావలెననియు, మంత్రివర్గము సమష్టిగా శాసనసభకే బాధ్యత వహింపవలెననియు శాసించు అఱువదియాఱవ అధికరణమును అంతగా ఎవ్వరు తలచుకొనరు. 1941 జూలై 2వ తేదీ పత్రము మరల పుట్టకుండ కట్టిన కట్ట ఆ అధికరణమే.